సెన్సర్ నెట్‌వర్క్‌లో వైరస్ ఎక్కడిదాకా పాకుతుంది?

అందరికీ నమస్కారం. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లోకి ఒక వైరస్ దూరితే అది ఎంత వేగంగా పాకుతుంది, ఎక్కడిదాకా పాకుతుంది, ఎక్కడ ఆగుతుంది? ఈ రోజు ఈ మూడు ప్రశ్నలే మాట్లాడుకుందాం. సెన్సర్ నెట్‌వర్క్ అంటే ఉష్ణోగ్రత లాంటివి కొలిచి రేడియోతో ఒకదానికొకటి అందించుకునే చిన్న యంత్రాల గుంపు. అందులో ఒక్కో యంత్రాన్ని నోడ్ అంటాం. గణితం ఉంటుంది కానీ భయపడనక్కర్లేదు. బోర్డు మీద రాసే లెక్కలన్నీ గుణకారం, భాగహారంతో తేలిపోయేవే. ఈ విషయం మీద వచ్చే పరిశోధన పత్రాలు చదువుతుంటే ఒక లోటు నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. సమీకరణాలు పేజీల కొద్దీ ఉంటాయి, కానీ నోడ్ ఎక్కడ ఉందో, దాని పక్కన ఏముందో ఆ సమీకరణాలకు తెలియదు. సెన్సర్ నెట్‌వర్క్‌లో అసలు విషయమంతా అక్కడే ఉంది.

మొదట యంత్రం సంగతి చూద్దాం. మైకాజ్ అనే నోడ్ పరిశోధనల్లో విరివిగా వాడిన రకం. అందులో ఉన్నది 8 బిట్ల ప్రాసెసర్, ప్రోగ్రామ్ దాచుకోడానికి 128 కిలోబైట్ల ఫ్లాష్, పని చేసుకోడానికి 4 కిలోబైట్ల ర్యామ్. మెగాబైట్లు కాదు, కిలోబైట్లే. రేడియో వేగం సెకనుకు 250 కిలోబిట్లు. ఐట్రిపుల్‌ఈ 802.15.4 ప్రమాణం ప్రకారం ఒక్కో ప్యాకెట్, అంటే ఒకసారికి పంపే డేటా ముక్క, 127 బైట్లు దాటకూడదు. ఇదంతా రెండు ఏఏ బ్యాటరీల మీద నెలల తరబడి నడవాలి. యాంటీవైరస్ లాంటిది పెట్టడానికి ఇందులో చోటే లేదు.

ఇంత చిన్న యంత్రంలోకి వైరస్ ఎలా వస్తుందని చాలామంది ధీమాగా ఉండేవారు. దానికి కారణం లేకపోలేదు. ఈ ప్రాసెసర్లో ప్రోగ్రామ్ ఉండే మెమరీ వేరు, డేటా ఉండే మెమరీ వేరు. దీన్ని హార్వర్డ్ నిర్మాణం అంటారు. బయటి నుంచి ప్యాకెట్‌లో వచ్చింది డేటా వైపే చేరుతుంది, అది ఎప్పటికీ ప్రోగ్రామ్‌లా నడవదు అని నమ్మకం. 2008లో ఫ్రాన్సిలాన్, కాస్టెలూచియా అనే ఇద్దరు పరిశోధకులు ఆ నమ్మకాన్ని చెరిపేశారు. నోడ్‌లో అప్పటికే ఉన్న కోడ్ ముక్కలనే తమకు కావలసిన వరుసలో నడిపించి, చివరికి బూట్‌లోడర్ (నోడ్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న కోడ్) చేతనే కొత్త కోడ్‌ను ఫ్లాష్‌లో రాయించారు. రీబూట్ చేసినా ఆ కోడ్ పోదు. పైగా అది పక్క నోడ్‌కు అవే ప్యాకెట్లు పంపగలదు. అంటే మనుషుల ప్రమేయం లేకుండా ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు పాకే వైరస్ సాధ్యమేనని తేలిపోయింది.

ఇక లెక్కల్లోకి వద్దాం. అంటువ్యాధుల లెక్కకు పునాది 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ వేశారు. జనాన్ని మూడు గదులుగా విడదీశారు: ఇంకా సోకనివాళ్లు, సోకినవాళ్లు, ఇక సోకనివాళ్లు, అంటే కోలుకున్నవాళ్లో చనిపోయినవాళ్లో. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎంత వేగంగా వెళ్తున్నారో చెప్పే సమీకరణాలు రాశారు. 1905-06లో బొంబాయిలో వచ్చిన ప్లేగు మరణాల వక్రరేఖ తమ లెక్కకు ఎంత దగ్గరగా ఉందో ఆ పత్రంలోనే చూపించారు. వాళ్లు కనిపెట్టిన ముఖ్యమైన సంగతి ఒక గీత. దాన్నే త్రెషోల్డ్ అంటాం. ఒకరు సగటున ఒకరికన్నా ఎక్కువమందికి అంటిస్తే వ్యాధి విస్తరిస్తుంది, ఒకరికన్నా తక్కువమందికైతే దానంతట అదే ఆరిపోతుంది. 1991లో ఐబీఎం పరిశోధకులు కెఫార్ట్, వైట్ ఇదే ఆలోచనను కంప్యూటర్ వైరస్‌లకు తీసుకొచ్చారు.

ఇంటర్నెట్ వార్మ్‌ల, అంటే తమంతట తామే యంత్రం నుంచి యంత్రానికి పాకే వైరస్‌ల, విషయంలో ఈ లెక్క బాగా పనిచేసింది. 2003 జనవరి 25న వచ్చిన స్లామర్‌ను చూడండి. మొదట్లో సోకిన యంత్రాల సంఖ్య 8.5 సెకన్లకోసారి రెట్టింపైంది. అది వాడుకున్న లోపం ఉన్న యంత్రాల్లో నూటికి 90 పది నిమిషాల్లోపే దాని చేతిలో పడ్డాయి. ఎందుకంటే స్లామర్ గుడ్డిగా ఏదో ఒక చిరునామా ఎంచుకుని ప్యాకెట్ విసిరేది. భూమికి అటువైపు ఉన్న యంత్రమూ, పక్క గదిలో ఉన్న యంత్రమూ దానికి ఒకటే. అందరూ అందరినీ కలుస్తూ తిరిగే జనాభాకు కెర్మాక్ సమీకరణం సరిగ్గా సరిపోతుంది.

సెన్సర్ నోడ్‌కు ఆ వీలు లేదు. రేడియో ఎంత దూరం వినిపిస్తే అంతే. ఇక్కడ కాసేపు ఆగి లెక్క వేద్దాం.

ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు ఉన్న స్థలంలో 10,000 నోడ్లు చల్లామనుకోండి. ఒక్కో రేడియో పరిధి 18 మీటర్లు. అంటే ఒక నోడ్ చుట్టూ 18 మీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తంలో సగటున పది నోడ్లు ఉంటాయి. ఇప్పుడు వైరస్‌కు చాలా అనుకూలమైన నియమం ఒకటి పెడదాం: ప్రతి అడుగులో, సోకిన ప్రతి నోడ్ తనకున్న పది పొరుగు నోడ్లకూ తప్పకుండా అంటిస్తుంది. అందరూ అందరితో కలిసిపోయే పాత లెక్క ప్రకారం ఒకటి పదకొండు అవుతుంది, పదకొండు 121 అవుతుంది, అది 1,331 అవుతుంది, నాలుగో అడుగుకల్లా 14,641. అంటే నాలుగు అడుగుల్లో నెట్‌వర్క్ మొత్తం అయిపోవాలి. ఇప్పుడు నేల మీదకు వద్దాం. మధ్యలో మొదలైన వైరస్ మూలకు చేరాలంటే 707 మీటర్లు దాటాలి. ఒక్కో అడుగుకు మహా అయితే 18 మీటర్లు. ఎంత అదృష్టం కలిసొచ్చినా 40 అడుగుల లోపు చేరలేదు.

ఒకే వైరస్, ఒకే నియమం. ఒక లెక్క నాలుగంటుంది, ఇంకోటి 40 అంటుంది. ఇది చిన్న తేడా కాదు. పాత సమీకరణంలో అంకెలు సర్దితే పోయే తేడా కూడా కాదు. అసలు పెరుగుదల తీరే వేరు.

ఎండుగడ్డి మైదానంలో మంటను ఊహించుకోండి. మధ్యలో కాలిపోయిన చోట మంటకు ఇక పని లేదు, అంచు మీదే అది ముందుకు పోతుంది. సెన్సర్ నెట్‌వర్క్‌లో వైరస్ కూడా అంతే. లోపల ఉన్న సోకిన నోడ్లు చుట్టూ సోకిన నోడ్లకే ప్యాకెట్లు పంపుకుంటూ ఉంటాయి, అవన్నీ వృథా. కొత్తగా అంటించేది అంచున ఉన్నవే. సోకిన ప్రాంతం వైశాల్యం పెరిగేకొద్దీ దాని చుట్టుకొలత వైశాల్యానికి వర్గమూలంగానే పెరుగుతుంది. అందుకే సోకిన నోడ్ల సంఖ్య రెట్టింపు మీద రెట్టింపుగా కాక, గడిచిన కాలానికి వర్గంగా పెరుగుతుంది. కాలం రెట్టింపైతే సోకినవి నాలుగు రెట్లు. మీరు ఎప్పుడైనా ఇలాంటి సిమ్యులేషన్ చేస్తే, సోకిన సంఖ్యకు వర్గమూలం తీసి గ్రాఫ్ గీయండి. మొదటి భాగం ఇంచుమించు సరళరేఖగా వస్తే లోపల జ్యామితి పనిచేస్తోందని అర్థం.

ఇదే సంగతిని ఇంకో అంకె చెబుతుంది. నేల మీద యాదృచ్ఛికంగా చల్లిన నోడ్లలో, నా పొరుగు నోడ్‌కు ఉన్న పొరుగు నోడ్లలో సగటున నూటికి 58 పైచిలుకు నాకూ పొరుగే. జ్యామితి నుంచి సూటిగా వచ్చే ఫలితమిది, పరిధి ఎంతైనా మారదు. వైరస్ దృష్టిలో చూస్తే, వెళ్లిన ప్రతిచోటా సగానికి పైగా తలుపులు ముందే తెరిచినవే.

ఇంకో చిన్న విషయం, త్వరగా దాటేస్తాను. అంచు దగ్గర సోకిన నోడ్లన్నీ ఒకే ఛానెల్ కోసం పోటీ పడతాయి, ప్యాకెట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. కాబట్టి అంటించే రేటు స్థిరంగా ఉండదు. వైరస్ ఎంత ఆత్రపడితే అంత తనకు తానే అడ్డం పడుతుంది.

వేగం సంగతి అయింది. ఇక అది ఎక్కడిదాకా వెళ్తుందన్న రెండో ప్రశ్న. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

1961లో గిల్బర్ట్ అనే గణితజ్ఞుడు ఒక ప్రశ్న వేశాడు. సమతలం మీద యాదృచ్ఛికంగా చుక్కలు చల్లి, ఒక దూరం లోపల ఉన్న చుక్కలన్నిటినీ గీతలతో కలిపితే, ఆ గీతల వెంట అనంత దూరం వెళ్లగలమా? సమాధానం ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది: ఒక చుక్కకు సగటున ఎన్ని పొరుగు చుక్కలున్నాయి. తరవాతి కాలంలో కంప్యూటర్ లెక్కలు ఆ అంకె సుమారు 4.51 అని తేల్చాయి. సగటు పొరుగు అంతకన్నా తక్కువైతే చుక్కలన్నీ చిన్న చిన్న దీవులుగా విడిపోతాయి. అంతకు మించితే ఒక్కసారిగా ఒక మహాఖండం ఏర్పడుతుంది.

ఈ అంకె కాగితాలకే పరిమితమైనది కాదు. 2016లో రోనెన్, షమీర్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి ఫిలిప్స్ హ్యూ స్మార్ట్ బల్బుల మీద చేసిన పని గుర్తుందా? ఆ బల్బులు జిగ్‌బీ రేడియోతో మాట్లాడుకుంటాయి. అది కూడా 802.15.4 కుటుంబమే. ఫర్మ్‌వేర్‌ను, అంటే పరికరంలోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను, కాపాడే డిజిటల్ తాళంచెవి ఆ రకం బల్బులన్నిటికీ ఒకటే. దాన్ని వాళ్లు బల్బు వాడుకునే కరెంటు హెచ్చుతగ్గులను గమనించి బయటికి లాగారు. బల్బు నుంచి బల్బుకు పాకే వార్మ్ సాధ్యమని చూపించారు. తయారీదారుకు ముందే చెప్పి, వాళ్లు సరిదిద్దాకే బయటపెట్టారు. పారిస్ లాంటి 105 చదరపు కిలోమీటర్ల నగరంలో సుమారు 15,000 బల్బులుంటే చాలు, వార్మ్ నగరమంతా పాకగలదని వాళ్ల అంచనా. ఆ 15,000 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మనమే లెక్కేయొచ్చు. పరిధి 100 మీటర్లు అనుకుంటే వృత్త వైశాల్యం 31,416 చదరపు మీటర్లు. 105 చదరపు కిలోమీటర్లలో అలాంటి వృత్తాలు 3,342 పడతాయి. దాన్ని 4.51తో గుణించండి. 15,072 వస్తుంది. ఒక నగరం భవిష్యత్తును చెప్పే లెక్క ఇంత చిన్నది. తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

మరి పొరుగు సంఖ్యను 4.51 కన్నా తక్కువ పెడితే వైరస్ ఆగిపోతుంది కదా అని మీకు వెంటనే తోచాలి. ఆగుతుంది. కానీ మన డేటా కూడా ఆగిపోతుంది. సెన్సర్ చదివిన ఉష్ణోగ్రత డేటా పోగుచేసే బేస్ స్టేషన్‌కు చేరాలంటే దారి ఉండాలి. ప్రతి నోడ్‌కూ దారి ఉండాలంటే సగటు పొరుగు నోడ్ల సంఖ్య సుమారు నోడ్ల సంఖ్యకు సహజ లాగరిథం అంత ఉండాలని 1998లో గుప్తా, కుమార్ నిరూపించారు. వెయ్యి నోడ్లకు అది 6.9, పదివేలకు 9.2. రెండూ 4.51 కన్నా ఎక్కువే. అంటే పనిచేసే నెట్‌వర్క్ ఏదైనా వైరస్‌కు అనువైన నెట్‌వర్కే. నోడ్లను పలచగా చల్లి తప్పించుకుందామంటే కుదరదు.

ఇక వైరస్ ఎక్కడ ఆగుతుందన్న మూడో ప్రశ్న. మరి దారేది? రేడియోకు వినిపించే పొరుగు వేరు, వైరస్‌కు లొంగే పొరుగు వేరు. ఈ రెంటినీ విడదీయడమే దారి.

నెట్‌వర్క్‌లో సగటు పొరుగు పది అనుకుందాం. నోడ్లలో కొన్నిటికి, ఏవని చూడకుండా, ముందే ప్యాచ్, అంటే లోపాన్ని సరిదిద్దే ప్రోగ్రామ్ ముక్క, వేశాం. మిగిలినవి కూడా యాదృచ్ఛికంగా చల్లినట్టే ఉంటాయి, కాస్త పలచగా, అంతే. వాటి సగటు పొరుగు 4.5కు పడిపోవాలంటే నూటికి 55 నోడ్లకు ప్యాచ్ వేస్తే సరిపోతుంది. పాత సమీకరణం ఏం చెబుతుంది? ఒక నోడ్ పదింటికి అంటిస్తుంది కాబట్టి, ఒకటికి దింపాలంటే నూటికి 90 నోడ్లకు వేయాలంటుంది. ఎక్కువ చెబితే నష్టమేముంది, జాగ్రత్త వైపేగా అంటారేమో. నష్టం ఉంది. 90 అసాధ్యమని ఎంతమంది ఇంజనీర్లు ఆ ప్రయత్నమే మానేస్తారో ఆలోచించండి. 55 చేయగలిగిన పని.

ఇంకా మంచి దారి ఒకటుంది. నోడ్లన్నిటిలో ఒకే ఫర్మ్‌వేర్ బదులు రెండు రకాలు పెట్టామనుకోండి. ఒక రకాన్ని కొట్టే వైరస్ రెండో రకం మీద పనిచేయదు. అప్పుడు ఒక్కో రకానికి తన జాతి పొరుగు సగటున అయిదు. త్రెషోల్డ్ గీత 4.51. కొద్దిలో తప్పింది, చాలదు. మూడు రకాలు పెడితే ఒక్కో రకానికి 3.3. గీత దిగువకు వచ్చేశాం. డేటా మాత్రం పది పొరుగు నోడ్ల మీదా హాయిగా నడుస్తుంది, ఎందుకంటే మూడు రకాలూ ఒకే రేడియో భాష మాట్లాడతాయి. వైరస్ పుట్టిన దీవిలోనే చిక్కుకుపోతుంది.

మూడు ఫర్మ్‌వేర్లు ఎవరు రాస్తారు, ఎవరు చూసుకుంటారు అని అడుగుతారు. సబబైన ప్రశ్నే. మూడుసార్లు రాయనక్కర్లేదు. ఇందాక చెప్పిన 2008 నాటి దాడి, నోడ్‌లో ఏ కోడ్ ముక్క ఏ చిరునామాలో ఉందో కచ్చితంగా తెలిస్తేనే సాగుతుంది. కాబట్టి కంపైల్ చేసేటప్పుడే, అంటే రాసిన ప్రోగ్రామ్‌ను యంత్ర భాషలోకి మార్చేటప్పుడే, ఫంక్షన్ల వరుసను కలగాపులగం చేసి నాలుగైదు బిల్డ్‌లు తీయొచ్చు. సోర్స్ ఒకటే, అమరిక వేరు. పూర్తి రక్షణ కాదు. చిరునామాలతో పనిలేని లోపమైతే, ఉదాహరణకు ఆ బల్బుల్లాగా అందరికీ ఒకటే తాళంచెవి ఉంటే, అమరిక ఎంత మార్చినా లాభం లేదు. తాళంచెవులు నోడ్‌కొకటి ఉండి తీరాలి, ఇందులో రాజీ వద్దు.

4.51 దగ్గర ఒక హెచ్చరిక. అది పరిధి శుభ్రమైన వృత్తం అనుకున్నప్పటి అంకె. నిజం రేడియోలకు పరిధి గుండ్రంగా ఉండదు, ఒక వైపు దగ్గరలోనే తెగిపోతుంది, ఇంకో వైపు అనుకోనంత దూరం వినిపిస్తుంది. అలా చెదిరిన దూరపు లింకులు ఉన్నప్పుడు గీత 4.51 కన్నా కిందకు దిగుతుంది. కాబట్టి మూడు రకాలతో సరిపోతుందని లెక్క చెప్పినా నేనైతే నాలుగు పెట్టమంటాను.

నిద్ర గురించి, బ్యాటరీ గురించి చెప్పకపోతే ఇది సెన్సర్ నెట్‌వర్క్ మీద ప్రసంగమే కాదు. మైకాజ్‌లో వాడే సీసీ2420 రేడియో వింటున్నప్పుడు 18.8 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది, గరిష్ఠ శక్తితో పంపుతున్నప్పుడు 17.4. గమనించారా, వినడమే కాస్త ఎక్కువ ఖర్చు. 2,500 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీతో రేడియోను నిరంతరం తెరిచి ఉంచితే అయిదున్నర రోజుల్లో ఖాళీ. నూటికి ఒక వంతు సమయమే తెరిస్తే, రేడియో ఖర్చు వరకు చూసుకుంటే, ఏడాదిన్నర. కాబట్టి నోడ్లు ఎక్కువ కాలం నిద్రపోతాయి. వైరస్ ఆ నిద్రను చెడగొడితే వారం తిరక్కుండానే నోడ్ చనిపోతుంది. చనిపోయిన నోడ్ వైరస్‌కూ దారి కాదు, మన ప్యాచ్‌కూ దారి కాదు. అందుకే మంచి మోడల్‌లో మరణానికి వేరే గది ఉండాలి, కోలుకున్నవాటితో కలిపేయకూడదు. కోలుకున్న నోడ్ డేటా మోస్తుంది, చచ్చిన నోడ్ మోయదు.

చాలా పత్రాల్లో నిద్రను అంటించే రేటులో కలిపేసి, రేటు తగ్గింది కాబట్టి వైరస్ ఆరిపోతుందని తేలుస్తారు. దీంతో నేను ఏకీభవించను. నిద్ర వైరస్‌ను ఆలస్యం చేస్తుంది. శుభ్రం చేసే ఏర్పాటు ఏదీ లేకపోతే ఆలస్యంగానైనా అది మొత్తం పాకి తీరుతుంది. అంటించే రేటు తగ్గడానికి విలువ వచ్చేది అవతల కోలుకునే రేటు అంటూ ఒకటి ఉన్నప్పుడే. ఎవరూ వెళ్లి తాకని నోడ్‌లో కోలుకోవడం ఎక్కడి నుంచి వస్తుంది? ర్యామ్‌లోనే ఉండే వైరస్‌కు అప్పుడప్పుడూ రీబూట్ చాలు. ఫ్లాష్‌లోకి దిగిన వైరస్‌కు, రాయడానికి వీల్లేని మెమరీ నుంచి అసలు ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎక్కించాలి. ఇవి లేకుండా మోడల్‌లో కోలుకునే రేటుకు ఒక అక్షరం పెట్టి దానికి నచ్చిన విలువ ఇవ్వడం న్యాయం కాదు.

ప్యాచ్ సంగతి. గాలిలోంచే ప్రోగ్రామ్ మార్చే పద్ధతులు 2004లోనే వచ్చాయి, డెల్యూజ్, ట్రికిల్ అని. ట్రికిల్ 2011లో ఇంటర్నెట్ ప్రమాణంగా కూడా అచ్చయింది. పొరుగు నోడ్లు నాకున్న వెర్షనే చెబుతుంటే నేను నోరు మూసుకుంటాను, పాత వెర్షన్ వినబడితే గబగబా మాట్లాడతాను. అదీ దాని తీరు. చూడండి, ఇది మనం కావాలని వదిలిన అంటువ్యాధే, సమీకరణాలు కూడా అవే. కానీ పూర్తి ప్రోగ్రామ్ 40 కిలోబైట్లుంటే, ప్యాకెట్‌లో చిరునామాల వంటి వాటికి పోయే బైట్లు తీసేస్తే, నాలుగు వందలకు పైగా ప్యాకెట్లు కావాలి, వైరస్‌కు అందులో చిన్న వంతు చాలు. వెనకనుంచి తరిమితే ప్యాచ్ అంచును అందుకోవడం కష్టం. వైరస్ ఇంకా చేరని చోట, దాని ముందు, చుట్టూ వలయంలా మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టాలంటే అంచు ఎక్కడుందో తెలియాలి. నోడ్ల స్థానం ఎరగని మోడల్ ఆ మాట చెప్పలేదు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి. నోడ్లు కదులుతుంటే ఏమవుతుంది అని అడుగుతున్నారు. చాలా మంచి ప్రశ్న. వాహనాల మీదో డ్రోన్ల మీదో నోడ్లుంటే, సోకిన నోడ్ అంచు దాటి దూరంగా వెళ్లి అక్కడ కొత్త కేంద్రం మొదలుపెడుతుంది. కాలానికి వర్గంగా సాగే పెరుగుదల పోయి మళ్లీ రెట్టింపుల పెరుగుదల వస్తుంది. కదలిక ఎక్కువైన కొద్దీ కెర్మాక్ సమీకరణమే నిజమవుతూ పోతుంది. దీనికి నోడ్లన్నీ కదలనక్కర్లేదు. దూరపు లింకులు కొద్దిగా ఉన్నా నెట్‌వర్క్‌లో దూరాలు ఎంతగా కుంచించుకుపోతాయో 1998లో వాట్స్, స్ట్రోగట్జ్ చూపించారు. స్థిరంగా ఉన్న నెట్‌వర్క్‌లో కూడా అలాంటి దూరపు లింకు ఒకటి మనమే పెట్టుకుంటున్నాం. అది గేట్‌వే, మన నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌తో కలిపే యంత్రం. నాలుగు మూలలా నాలుగు గేట్‌వేలు ఇంటర్నెట్ ద్వారా కలిసి ఉంటే, వాటిలో ఒకటి వైరస్ చేతికి చిక్కితే, ఇందాక లెక్కేసిన ఆ 40 అడుగుల దూరం ఒక్క అడుగులో దాటిపోతుంది. కాబట్టి ప్యాచ్ వేయడానికి ఒక రోజు సమయం, ఒక మనిషి మాత్రమే ఉంటే మొదట గేట్‌వేల దగ్గరికి వెళ్లండి. గేట్‌వే మీద నోడ్ ఫర్మ్‌వేర్‌తో ఏ సంబంధమూ లేని వేరే సాఫ్ట్‌వేర్ పెట్టండి. ఒక గేట్‌వే నుంచి ఇంకో గేట్‌వేకు నేరుగా ప్యాకెట్లు వెళ్లే దారి, అవసరం లేనప్పుడు, మూసేయండి.